మీటరు ముల్లు చెప్పే సాక్ష్యం

కొబ్బరికాయలో నీళ్ళున్నాయో లేదో తెలుసుకోవాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాం. పుచ్చకాయ పండిందో లేదో తెలియాలంటే వేలితో కొట్టి చూస్తాం. అప్పటికీ అనుమానం తీరకపోతే కత్తి పుచ్చుకుని కోసి చూస్తాం. మనిషి సంగతి అలా కాదు. ఎవరికైనా జబ్బు చేసినప్పుడు లోపల ఏం జరుగుతున్నదో చూద్దామని ఊరికే కోసి చూడలేం గదా!

అందుచేత వైద్యులు అనాది నుంచీ, పైన చూసి లోపలి సంగతి గ్రహించే ఉపాయాలు వెతుకుతూ వచ్చారు. నాడి పట్టుకుని చూశారు. నాలుక చాపమన్నారు. కనురెప్ప కిందికి లాగి చూశారు. 1761లో ఆస్ట్రియా దేశపు డాక్టరు ఆవెన్‌బ్రుగ్గర్, రోగి రొమ్ము మీద వేళ్ళతో తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల నీరు చేరినదీ లేనిదీ చెప్పవచ్చునని రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో సారా ఎంత ఉన్నదో తెలుసుకోవటానికి పైన తట్టి చూడటం ఆయన చిన్నతనంలోనే ఎరుగునని చెబుతారు. 1816లో లాయెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని గొట్టంలాగా చుట్టి, దాని గుండా రోగి గుండె చప్పుడు విన్నాడు. ఈనాడు డాక్టర్ల మెడలో వేలాడే స్టెతస్కోపు దానిలోనుంచి పుట్టిందే.

విద్యుచ్ఛక్తి వచ్చాక మనుషులకు మరొక ఆశ కలిగింది. చర్మానికి రెండు తీగలు తగిలించి, మీటరు ముల్లు ఎంత కదిలిందో చూసి, లోపల ఉన్న జబ్బు చెప్పవచ్చునా?

ఈ ప్రశ్నకు జవాబు చిత్రంగా ఉంటుంది. కొన్ని జబ్బులను చెప్పవచ్చు. ఎంతో చక్కగా చెప్పవచ్చు కూడాను. కాని కొన్ని యంత్రాలలో ముల్లు బ్రహ్మాండంగా కదులుతుంది, అయినా జబ్బు గురించి ఏమీ చెప్పదు! ఏది నిజమైన సాక్ష్యమో, ఏది కాదో శాస్త్రజ్ఞులు ఎలా తేల్చారో తెలుసుకుందాం.

చర్మం అనే గోడ

మన శరీరం లోపలంతా ఉప్పునీటి మయం. ఉప్పునీటి గుండా విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. కాని ఆ ఉప్పునీటి చుట్టూ చర్మం అనే గోడ ఉన్నది. ఈ గోడ పైపొర చచ్చిపోయిన కణాలతో తయారైనది. అది పొడిగా ఉన్నంతసేపూ విద్యుత్తును లోపలికి సులువుగా పోనివ్వదు.

విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డును 'ఓము'లలో కొలుస్తారు. పొడి చర్మం అడ్డు 1,00,000 ఓముల దాకా ఉండవచ్చు. అదే చర్మం బాగా తడిస్తే 1,000 ఓములకు పడిపోవచ్చు. అంటే అడ్డు నూరోవంతు అయిపోయిందన్నమాట! తడిచేతులతో స్విచ్చి ముట్టుకోవద్దని పెద్దవాళ్ళు కేకలు వేసేది ఇందుకే.

చర్మానికి తీగలు తగిలించి రెండు రకాల పరీక్షలు చెయ్యవచ్చు. లోపల శరీరమే పుట్టించే విద్యుత్తును చర్మం మీద పట్టుకోవటం ఒకటి. బయటి నుంచి మనమే అతి కొద్దిపాటి విద్యుత్తును పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో కొలవటం రెండవది. మొదటిది మనిషి చెప్పే మాట వినటం లాటిది. రెండవది తలుపు తట్టి చూడటం లాటిది.

ఉప్పునీళ్ళలో నిలబడ్డ కుక్క

మన గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో కొంచెం విద్యుత్తు పుడుతుంది. ఇది శరీరంలోని ఉప్పునీటి గుండా పాకి చర్మం దాకా వస్తుంది. అయితే చర్మం చేరేసరికి అది చాలా స్వల్పంగా ఉంటుంది. సుమారు ఒక వోల్టులో వెయ్యోవంతు. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది గదా, అందులో దరిదాపు 1,500వ వంతు!

ఇంత స్వల్పమైన దానిని మనిషి చర్మం మీద మొదటిసారి పట్టుకున్నవాడు ఆగస్టస్ వాలర్. ఆయన లండనులోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో పని చేసేవాడు. 1887లో ఆయన ఒక సన్నని గాజుగొట్టంలో పాదరసం పోసి తయారు చేసిన సాధనాన్ని ఉపయోగించాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టంలో పాదరసం కాస్తంత పైకీ కిందికీ కదిలేది. ఆ కదలికను ఫోటో తియ్యటానికి పలక మెల్లిగా జరుగుతూ ఉండాలి. అందుకు వాలర్ ఏం చేశాడో తెలుసా? పిల్లలు ఆడుకునే బొమ్మరైలు బండి మీద ఫోటో పలకను ఎక్కించి నడిపించాడు!

వాలర్ దగ్గర జిమ్మీ అనే బుల్‌డాగు కుక్క ఉండేది. ఆయన నలుగురికీ ఈ వింత చూపించదలచినప్పుడు జిమ్మీ కాళ్ళను ఉప్పునీళ్ళున్న పాత్రలలో పెట్టించేవాడు. ఆ పాత్రల నుంచి తీగలు సాధనానికి పోయేవి. ఉప్పునీళ్ళు చర్మాన్ని తడిపి, గోడకు తలుపు తెరిచేవి. జిమ్మీ కదలకుండా నిలబడేది. దాని గుండె కొట్టుకోవటం అందరికీ కనిపించేది.

1909లో లండను రాయల్ సొసైటీలో జరిగిన ఇలాటి ప్రదర్శన మీద పెద్ద గొడవ బయలుదేరింది. కుక్కను హింస పెడుతున్నారని ఒక సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న వేశాడు. హోం మంత్రి గ్లాడ్‌స్టన్ లేచి, కుక్క నిలబడినది కాస్త ఉప్పు కలిపిన నీళ్ళలోనేననీ, ఆ సభ్యుడు ఎప్పుడైనా సముద్రపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని తిరిగి ఉంటే ఆ బాధ ఏపాటిదో ఆయనకే తెలుస్తుందనీ జవాబు చెప్పాడు.

బాణం లాగిన దారం

1889లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అక్కడ వాలర్ ప్రదర్శన చూసినవారిలో హాలండు దేశపు ప్రొఫెసరు ఐంథోవెన్ ఒకడు. ఆయన పుట్టింది జావా ద్వీపంలో. పాదరసం బరువైనది, గుండె వేగంతో సమంగా కదలలేదు. అందుచేత ఆ బొమ్మ స్పష్టంగా రాదు. అంతకన్న తేలికగా కదిలేది ఏదైనా కావాలని ఐంథోవెన్ ఆలోచించాడు.

ఆయన పలుగురాయిని కరిగించి అతి సన్నని దారం తీశాడు. ఆ దారం తీసే పద్ధతి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. కరిగిన పలుగురాయికి బాణం తగిలించి, విల్లు ఎక్కుపెట్టి వదిలేవారు. బాణం రివ్వున పోతూ కరిగిన రాయిని వెంట్రుక కన్న సన్నని పోగుగా లాగేది! ఆ పోగుకు వెండి పూత పూసి, పెద్ద అయస్కాంతం నోట్లో బిగించారు. గుండెలో పుట్టిన విద్యుత్తు అందులోనుంచి పోయినప్పుడు పోగు కదిలేది. ఆ కదలిక నీడను ఫోటో తీసేవారు.

1901లో ఆయన ఈ యంత్రాన్ని గురించి ప్రకటించాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. అది రెండు గదులు ఆక్రమించేది. నడపటానికి అయిదుగురు మనుషులు కావాలి. రోగి రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ళ పాత్రలలో పెట్టుకుని కూర్చోవాలి. రోగులు ఉండే ఆస్పత్రి, ఈ యంత్రం ఉండే ప్రయోగశాలకు మైలు దూరంలో ఉన్నది. యంత్రాన్ని అక్కడికి మోసుకుపోలేరు. అందుచేత ఐంథోవెన్ 1905లో ఆస్పత్రి నుంచి ప్రయోగశాలకు టెలిఫోను తీగ వేయించి, మైలు దూరాన ఉన్న రోగి గుండెను తన గదిలో కూర్చుని చూశాడు!

అయితే, గీతలు వచ్చినంత మాత్రాన జబ్బు తెలిసినట్టు కాదు. ఏ గీత ఏ జబ్బుకు గుర్తు? ఐంథోవెన్ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గీతలూ, రకరకాల గుండె జబ్బులు ఉన్నవాళ్ళ గీతలూ పక్కపక్కన పెట్టి చూశాడు. 1906లో వాటిని అచ్చు వేశాడు. లండనులో తామస్ లూయిస్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి ఇదే పని చేశాడు. నాడి అస్తవ్యస్తంగా కొట్టుకునే రోగులలో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతున్నాయని 1909లో ఈ గీతల సహాయంతోనే చూపించాడు. ఇతర దేశాల వాళ్ళు తమ రోగులలో చూస్తే వాళ్ళకూ అవే గీతలు వచ్చాయి. 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు ప్రతి ఆస్పత్రిలోనూ తీసే 'ఇ.సి.జి.' ఇదే. రెండు గదుల యంత్రం కాస్తా చేతి సంచీలో పట్టేంత చిన్నదయింది. ఉప్పునీళ్ళ పాత్రలకు బదులు చర్మానికి జిగురు పట్టీలు అంటిస్తారు. అయినా ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండెలో ఏ లోపమూ లేదని డాక్టర్లు అనరు. కొన్ని లోపాలు అందులో కనిపించవు. అది చెప్పగలది ఏమిటో, చెప్పలేనిది ఏమిటో వాళ్ళకు తెలుసు.

చెమట చెప్పే కబుర్లు

ఇప్పుడు రెండో పరీక్ష చూద్దాం. చర్మం విద్యుత్తుకు ఎంత అడ్డు తగులుతుందో కొలిచేది. 1888లో ఫేరే అనే ఫ్రెంచి డాక్టరు, ఒక మనిషి చర్మం గుండా కొద్దిపాటి విద్యుత్తు పంపుతూ, ఆ మనిషికి ఏదైనా చప్పుడు వినిపించటమో, వాసన చూపించటమో చేస్తే మీటరు ముల్లు చప్పున కదలటం గమనించాడు. 1890లో రష్యా శాస్త్రజ్ఞుడు తార్ఖానోవ్, బయటి నుంచి విద్యుత్తు పంపకపోయినా ముల్లు కదులుతుందని చూపించాడు. చక్కిలిగిలి పెట్టినా, లెక్క చెయ్యమన్నా, భయపడిన సంగతి జ్ఞాపకం చేసుకోమన్నా ముల్లు కదలవలసిందే!

దీనికి కారణం చెమట. మన చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా స్వేదగ్రంథులున్నాయి. అరిచేతులలోనూ, అరికాళ్ళలోనూ ఇవి దట్టంగా ఉంటాయి. పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకునేటప్పుడు మీ అరిచేతులు చెమర్చటం మీకు తెలియనిది కాదు. మనసు ఏమాత్రం ఉలిక్కిపడినా, మన ప్రమేయం లేకుండానే పనిచేసే నరాలు స్వేదగ్రంథులను తట్టి లేపుతాయి. ఆ గ్రంథుల గొట్టాలలోకి ఉప్పుచెమట ఎక్కగానే విద్యుత్తుకు అడ్డు తగ్గుతుంది. కంటికి చెమట కనిపించక ముందే ముల్లుకు తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. ముల్లు కదిలిందంటే స్వేదగ్రంథులు పని చేశాయన్నమాట. అంతవరకు నిజం. కాని ఎందుకు పని చేశాయి? భయమా, సంతోషమా, దగ్గు వచ్చిందా, గదిలో ఉక్కగా ఉన్నదా? అది ముల్లుకు తెలియదు. అబద్ధాలు పట్టే యంత్రం అని మీరు విని ఉంటారు. అందులో ఈ ముల్లు కూడా ఒక భాగం. నిజానికి అది అబద్ధాన్ని పట్టదు, ఆదుర్దాను పడుతుంది. దొంగ మాత్రమే కాదు, తనను దొంగ అంటారేమోనని భయపడే అమాయకుడు కూడా ఆదుర్దా పడతాడు!

అయితే ఇదే చెమట మరొక విధంగా వైద్యులకు పనికివచ్చింది. అమెరికాలో కర్ట్ రిక్టర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సాధనంతో చర్మం మీద అంగుళం అంగుళం వెతికి, విద్యుత్తుకు అడ్డు ఎక్కడ ఎక్కువగా ఉన్నదో గుర్తించేవాడు. ఏదైనా నరం తెగిపోతే, ఆ నరం ఏలే చోట చెమట పట్టదు. చర్మం పొడిగా ఉండిపోతుంది. అక్కడ ముల్లు కదలదు. ఆ చోటు చుట్టూ గీత గీస్తే, తెగిన నరం ఎంత మేర ఏలేదో పటంలాగా తెలిసిపోతుంది. 1940ల నాటి యుద్ధకాలంలో నరాలకు దెబ్బలు తగిలినవారిని పరీక్షించటానికి ఈ పద్ధతి ఉపయోగపడింది.

మధుమేహం చాలాకాలంగా ఉన్నవారికి పాదాలలోని సన్నని నరాలు దెబ్బ తినవచ్చు. అలాటివారికి కాలికి పుండు పడినా నొప్పి తెలియదు. ఇప్పుడు కొన్ని ఆస్పత్రులలో ఇటువంటివారిని అరిచేతులూ, అరికాళ్ళూ లోహపు పలకల మీద ఆనించమని, రెండు మూడు నిమిషాలలో చెమట నరాలు ఎలా ఉన్నాయో కొలుస్తున్నారు. డాక్టర్లు ఆ ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పరు. పాదం ముట్టుకుని చూస్తారు, సూదిమొన ఆనించి స్పర్శ తెలుస్తున్నదా అని అడుగుతారు, రక్తంలో చక్కెర చూస్తారు. అన్నీ కలిసి ఒకే మాట చెబితే అప్పుడు నమ్ముతారు.

ఉప్పగా ఉండే పసిపాప

యూరపు ఖండంలో వెనకటికి ఒక నమ్మకం ఉండేది. పసిపాప నుదురు ముద్దు పెట్టుకున్నప్పుడు ఉప్పగా ఉంటే ఆ పాప ఎక్కువ కాలం బతకదని తల్లులు భయపడేవాళ్ళు. అందులో నిజం లేకపోలేదు.

1938లో న్యూయార్కులో డొరోతీ ఆండర్సన్ అనే డాక్టరమ్మ ఒక జబ్బును గురించి వివరంగా రాసింది. దాని పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఇది పుట్టుకతోనే వచ్చే జబ్బు. ఊపిరితిత్తులలో కఫం జిగురులాగా గట్టిపడుతుంది. క్లోమం నుంచి రావలసిన జీర్ణరసం రాదు. తిన్నది ఒంటబట్టదు. ఆ రోజులలో ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు చాలామంది బడికి పోయే వయసు రాకుండానే చనిపోయేవాళ్ళు.

1948 వేసవిలో న్యూయార్కులో విపరీతమైన ఎండలు కాశాయి. వడదెబ్బ తగిలి ఆస్పత్రికి వచ్చిన పసివాళ్ళలో ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఉన్నట్టు డాక్టర్లు గమనించారు. వీళ్ళకే ఎందుకు వడదెబ్బ తగలాలి? అక్కడే పనిచేస్తున్న డాక్టరు డి సాంత్ ఆగ్నేజే ఆ పిల్లల చెమటను పరీక్షించాడు. అందులో ఉప్పు మామూలు కన్న ఎన్నోరెట్లు ఎక్కువగా ఉన్నది. శరీరంలో ఉప్పంతా చెమటలో పోతున్నది గనకనే వాళ్ళు సొమ్మసిల్లిపోతున్నారు. ఈ సంగతి ఆయనా, ఆయనతో పని చేసినవాళ్ళూ 1953లో ప్రకటించారు.

జబ్బు పట్టుకునే దారి దొరికింది. కాని పసిపిల్లల నుంచి చెమట తియ్యటం ఎలా? మొదట్లో పిల్లలను మెడ దాకా ప్లాస్టిక్ సంచీలో చుట్టి చెమట పట్టించేవారు. అది బలహీనంగా ఉన్న పిల్లలకు చాలా ప్రమాదం. 1959లో బాల్టిమోర్ నగరంలోని గిబ్సన్, కుక్ అనే ఇద్దరు మంచి ఉపాయం కనిపెట్టారు. దక్షిణ అమెరికాలోని ఒక మొక్క ఆకుల నుంచి పైలోకార్పిన్ అనే మందు తీస్తారు. దానికి చెమట పట్టించే గుణం ఉన్నది. ఆ మందు నీళ్ళలో కలిసినప్పుడు దాని కణాలకు ధన విద్యుత్తు ఉంటుంది. ఒకే రకం విద్యుత్తు గల వస్తువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి గదా! అందుచేత మందులో తడిపిన గుడ్డను పాప ముంజేతి మీద వేసి, దానిపైన ధన పలక ఆనించి కొద్దిపాటి విద్యుత్తు పంపితే, మందు తనంతట తానే చర్మంలోకి దూరిపోతుంది. సూది పొడవనక్కరలేదు. కాసేపటికి ఆ కాస్త మేర మాత్రం చెమట పడుతుంది. ఆ చెమటను అరగంట సేపు పట్టి, అందులో ఉప్పులోని క్లోరైడు ఎంత ఉన్నదో కొలుస్తారు. లీటరుకు 30 మిల్లీమోల్‌ల లోపు ఉంటే జబ్బు ఉండటం అరుదు. 60, ఆ పైన ఉంటే జబ్బు ఉన్నట్టే. మధ్యలో ఉంటే మరికొన్ని పరీక్షలు చేస్తారు. ఉప్పు ఎక్కువైన చెమటలో విద్యుత్తు మరింత సులువుగా పోతుంది గనక, దాన్ని కొలిచి చూసే సాధనాలు కూడా వచ్చాయి.

అసలు ఉప్పు ఎందుకు ఎక్కువవుతున్నది? 1983లో అమెరికాలో పాల్ క్వింటన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి జవాబు చెప్పాడు. విశేషమేమిటంటే, ఆయనకే ఈ జబ్బు ఉన్నది! స్వేదగ్రంథి అడుగున చెమట పుట్టినప్పుడు అందరికీ ఉప్పగానే ఉంటుంది. అది గొట్టం వెంట పైకి వస్తుంటే, గొట్టం గోడలు ఉప్పును తిరిగి లోపలికి లాక్కుంటాయి. ఈ జబ్బు ఉన్నవారి గొట్టం గోడలు క్లోరైడును లాక్కోలేవు. అదే లోపం ఊపిరితిత్తులలో కఫాన్ని గట్టిపరుస్తుంది. 1989లో ఈ లోపానికి మూలమైన జన్యువు కూడా దొరికింది.

చూశారా? ముంజేతి మీద నాలుగు చెమట చుక్కలు ఊపిరితిత్తుల జబ్బును చెప్పాయంటే అందులో మంత్రమేమీ లేదు. చర్మంలోనూ, ఊపిరితిత్తులలోనూ చెడినది ఒకే తలుపు కావటమే కారణం.

అన్ని జబ్బులూ చెప్పే యంత్రం

ఇప్పుడు మరొక రకం యంత్రం సంగతి చూద్దాం. 1950 ప్రాంతంలో జపానులో నకతాని అనే డాక్టరు, ఆ తరవాత కొద్ది కాలానికే జర్మనీలో వోల్ అనే డాక్టరు, చర్మం మీద కొన్ని చుక్కల దగ్గర విద్యుత్తుకు అడ్డు కొలిచి లోపలి అవయవాల స్థితి చెప్పవచ్చునని ప్రచారం చేశారు. వోల్ పద్ధతిలో రోగి ఒక చేత్తో లోహపు కడ్డీ పట్టుకుంటాడు. పరీక్ష చేసే మనిషి మరొక పుల్ల లాటి దాన్ని రోగి వేళ్ళ మీద చుక్క చుక్కకూ ఆనించి నొక్కుతాడు. మీటరు మీద 0 నుంచి 100 దాకా అంకెలుంటాయి. ముల్లు 50 దగ్గర నిలిస్తే ఆరోగ్యం. పైకి పోతే ఒక రోగం, కిందికి పోతే మరొక రోగం. ఈ చుక్క కాలేయానిది, ఆ చుక్క మూత్రపిండానిది అంటారు. తరవాత తరవాత వీటికి కంప్యూటర్లు కూడా తగిలించి, రంగు రంగుల బొమ్మలు చూపించసాగారు.

ముల్లు కదలటం నిజమే. కాని అది ఎందుకు కదులుతుందో మీకు ఇప్పుడు తెలుసు. పుల్లను కాస్త గట్టిగా నొక్కితే అడ్డు తగ్గుతుంది. చర్మం తడిగా ఉంటే తగ్గుతుంది. ఎక్కువసేపు ఆనించి ఉంచినా మారుతుంది. రోగి ఉలిక్కిపడినా మారుతుంది. పరీక్ష చేసేవాడు మోసగాడు కానక్కరలేదు. "ఇక్కడ జబ్బు ఉండవచ్చు" అని మనసులో అనుకుంటే, తనకు తెలియకుండానే అక్కడ కొంచెం గట్టిగా నొక్కవచ్చు.

మరి ఇందులో నిజమెంతో తేల్చటం ఎలా? మీ ఇంట్లో ఒక ఆట ఆడి చూడండి. మీ అమ్మను రెండు కాగితాలలో ఉప్పూ, రెండు కాగితాలలో పంచదారా పొట్లాలు కట్టి, కలిపి పెట్టమనండి. విప్పకుండా, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలనని మీ తమ్ముడు గొప్పలు చెబుతాడనుకోండి. అమ్మ ఎదురుగా నిలబడితే ఆమె మొహం చూసి వాడు కనిపెట్టెయ్యవచ్చు. కనక పొట్లాల మీద అంకెలు మాత్రం వేసి, అమ్మను అవతలికి పంపి, ఏది ఏదో తెలియనివాళ్ళ ముందు చెప్పించాలి. ఒక్కసారి చెబితే కాకతాళీయం కావచ్చు. అనేకసార్లు సరిగా చెబితేనే నమ్మాలి.

ఇంగ్లండులో సరిగా ఇలాటి పరీక్షే చేసి, 2001లో ఫలితం ప్రకటించారు. వోల్ పద్ధతి నుంచి పుట్టిన వెగాటెస్టు అనే యంత్రాన్ని తీసుకున్నారు. 30 మంది ముందుకు వచ్చారు. వారిలో 15 మందికి పిల్లి వెంట్రుకల పొట్టో, ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులో పడవని ముందే రుజువయింది. తక్కిన 15 మందికి అలాటిదేమీ లేదు. ఎవరు ఏ జట్టువారో, ఏ సీసాలో ఏమున్నదో యంత్రం నడిపేవారికీ తెలియదు, పరీక్షకు కూర్చున్నవారికీ తెలియదు. యంత్రం నడపటంలో అనుభవం ఉన్నవారు ముగ్గురు, మొత్తం 1,500కు పైగా పరీక్షలు చేశారు. చివరకు చూస్తే, పడనివారిని పడేవారి నుంచి యంత్రం వేరు చెయ్యలేకపోయింది. ఆ ముగ్గురిలో ఎవరూ ఒకరి కన్న ఒకరు మెరుగుగా చెప్పలేదు.

ఇక్కడ 1924 నాటి ఒక సంగతి చెప్పాలి. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు తల చర్మం మీద తీగలు పెట్టి మెదడులో పుట్టే విద్యుత్తును పట్టుకున్నాడు. 1929లో అతను ఆ సంగతి అచ్చు వేస్తే చాలామంది నమ్మలేదు. 1934లో ఇంగ్లండులో ఎడ్రియన్, మాథ్యూస్ అనేవారు తామే చేసి చూశారు. వాళ్ళకూ అవే అలలు కనిపించాయి. దానితో లోకం నమ్మింది. ఇప్పుడు మూర్ఛ రోగులకు తీసే 'ఇ.ఇ.జి.' అదే. కనక కొత్త మాటను అనుమానించటం తప్పు కాదు. పరీక్షకు నిలబడితే ఒప్పుకోవాలి, నిలబడకపోతే వదలాలి.

ఒక చిన్న లెక్క

"పోనీ, పరీక్ష చేయించుకుంటే నష్టమేమిటి?" అని కొందరు అంటారు. ఒక లెక్క వేసి చూడండి.

ఒక స్కూల్లో 1,000 మంది పిల్లలున్నారనుకుందాం. వారిలో ఒక్కరికి మాత్రమే ఫలానా జబ్బు ఉన్నది. ఒక యంత్రం నూటికి 95 సార్లు సరిగా చెబుతుంది. చాలా మంచి యంత్రమే అనిపిస్తుంది గదా? కాని జబ్బు లేని 999 మందిలో నూటికి 5 చొప్పున, సుమారు 50 మందికి జబ్బు ఉన్నదని అది తప్పుగా చెబుతుంది. జబ్బు ఉన్న ఆ ఒక్కరినీ పట్టుకున్నా, మొత్తం 51 మందికి జబ్బు ఉన్నదన్నమాట. అందులో నిజం ఒక్కటే! 50 ఇళ్ళలో తల్లిదండ్రులు ఉత్త పుణ్యానికి బెంగపెట్టుకుంటారు. అందుకే డాక్టర్లు మొదటి పరీక్షతో ఆగక, రెండవ పరీక్ష చేసి రూఢి చేసుకుంటారు.

మంచి యంత్రం సంగతే ఇలా ఉంటే, ఊరికే ముల్లు కదిలించే యంత్రం సంగతి చెప్పాలా? లేని జబ్బు ఉన్నదని చెబితే డబ్బు దండగ, పథ్యాలతో పిల్లవాడు చిక్కిపోతాడు. ఉన్న జబ్బు లేదని చెబితే అది మరీ ప్రమాదం. లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది, మనం ధైర్యంగా కూర్చుంటాం. పోయిన డబ్బు మళ్ళీ రావచ్చు. పోయిన కాలం రాదు.

అడగవలసిన ప్రశ్నలు

ఎవరైనా ఒక యంత్రం చూపించి, ఇది లోపలి జబ్బులు చెబుతుందంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇది కొలిచేది ఏమిటి? కొలిచినదానికీ, జబ్బుకూ సంబంధం ఏమిటి? ఏది ఏదో తెలియకుండా పరీక్షించినప్పుడు ఇది సరిగా చెప్పిందా? ఇ.సి.జి. ఈ మూడింటికీ జవాబు చెబుతుంది. చెమట పరీక్షా చెబుతుంది. అన్ని జబ్బులూ ఒక్క వేలి మీదే చూపించే యంత్రం మూడవ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

చర్మం మీది విద్యుత్తుతో ఇంకా కొత్త పనులు జరుగుతున్నాయి. 1980లలో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో బార్బర్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు, శరీరం చుట్టూ తీగలు పెట్టి, విద్యుత్తుకు లోపల ఎక్కడ ఎంత అడ్డు ఉన్నదో బొమ్మగా గీసే పద్ధతి తయారు చేశారు. గాలి విద్యుత్తును పోనివ్వదు గనక ఊపిరి పీల్చినప్పుడు బొమ్మ మారుతుంది. ఇప్పుడు కొన్ని ఆస్పత్రులలో రొమ్ము చుట్టూ 16 గాని, 32 గాని పలకలున్న పట్టీ కట్టి, కృత్రిమంగా ఊపిరి అందుతున్న రోగి ఊపిరితిత్తులలో గాలి ఎక్కడికి పోతున్నదో, ఎక్కడికి పోవటం లేదో చూస్తున్నారు.

ఇకపోతే, ఆ ఉప్పటి పసిపాపల సంగతి. ఈ జబ్బు మన దేశంలో లేదని ఒకప్పుడు అనుకునేవారు. ఉన్నదని తరవాత తెలిసింది. ఇప్పుడు అనేక దేశాలలో పాప పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి ఒక రక్తపు చుక్క తీసి చూస్తారు. అనుమానం కలిగితే చెమట పరీక్షతో రూఢి చేసుకుంటారు. 2012 నుంచి, చెడిన ఆ తలుపును కొంతవరకు తెరిపించే మందులు కూడా వస్తున్నాయి. బడికి పోయే వయసు కూడా రాదనుకున్న పిల్లలు, ఇప్పుడు చదువులు పూర్తి చేసి, ఉద్యోగాలు చేసి, పిల్లలను కంటున్నారు. మీటరు ముల్లు నిజం చెబితే ఎంత మేలు జరుగుతుందో ఇంతకన్న వేరే చెప్పనక్కరలేదు.